షికారు సరే... చెప్పుల సంగతేంటి?

సెలవులొస్తే చాలు... కరీంనగర్, ఆదిలాబాద్‌ల నుంచి పిల్లాపాపలతో రామోజీ ఫిల్మ్‌సిటీకో, రావిర్యాలలో 2016లో మొదలైన వండర్‌లాకో బయల్దేరుతాం. టోపీలు, నీళ్ల సీసాలు, పులిహోర డబ్బా అన్నీ సర్దుతాం. చెప్పుల దగ్గరే పొరపాటు! ఓసారి షికారు కోసమనే మా పాపకు కొత్త బూట్లు కొన్నాం. మధ్యాహ్నానికే మడమ మీద బొబ్బ. ఆ తర్వాత అది చూసిందంతా నా భుజాల మీద నుంచే!

కొత్తవైతే వారం ముందే కొని రోజూ కాసేపు ఇంట్లో తొడగాలి. కొనడానికి సాయంత్రం మేలు. అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి అసలు కొలత తెలుస్తుంది. పొడవాటి వేలి ముందు అరంగుళం ఖాళీ ఉండాలి. హవాయి చెప్పులు తడి నేల మీద జారతాయి. వెనక పట్టీ ఉన్న రబ్బరు శాండిల్స్ నయం. బూట్లే వేసుకుంటే మరో జత సాక్సులు సంచిలో పడేయండి. తడిసినవాటితో నడిస్తే బొబ్బలు తేలతాయి.

నాయనమ్మకో తాతయ్యకో షుగర్ ఉంటే మరీ జాగ్రత్త. స్పర్శ తగ్గిన పాదానికి కాలినా, గీసుకున్నా తెలియదు. ఎండలో వాళ్లను వట్టికాళ్లతో నడవనివ్వొద్దు. రాత్రి ఇల్లు చేరాక, వాళ్ల అరికాళ్లు ఓసారి మీరే చూడండి.