కొసరు అడగలేని బేరం

"యాప్ ఫ్రీ, బదులుగా మన డేటా తీసుకుంటారు. సింపుల్ బార్టర్ రా!" ఈ మాట క్యాంటీన్ నుంచి సెమినార్ స్లైడ్ల దాకా పాకేసింది. నాకు మాత్రం ఈ పోలిక అస్సలు నచ్చట్లేదు.

బార్టర్ అంటే డబ్బుతో పని లేకుండా వస్తువుకు వస్తువు. తెలుగులో దాన్ని వస్తుమార్పిడి అంటారని నాకు లేటుగా తెలిసింది (ఇంగ్లీష్ మీడియం మహిమ), కానీ పని మాత్రం చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. "పాత చీరలకు స్టీలు సామాన్లూ..." అంటూ గంపతో వచ్చే ఆవిడతో మా అమ్మమ్మ బేరం చూసి తీరాలి. ఆవిడ చీర విప్పి, వెలుతురుకి పట్టి చిరుగులు వెతుకుతుంది. అమ్మమ్మ గిన్నె అడుగున వేలితో కొట్టి చూస్తుంది. "జరీ చీరకి ఇంత చిన్న గిన్నేనా?" "ఇంకో చీర వెయ్యమ్మా, డబ్బా ఇస్తా." అలా అరగంట. కుదరకపోతే ఎవరి సరుకు వాళ్లది. కుదిరితే కొసరుగా ఒక గరిటె!

1875లో జెవాన్స్ అనే ఎకనామిస్ట్ బార్టర్‌లో ఉన్న చిక్కు చెప్పాడు. నా దగ్గరున్నది నీకు కావాలి, నీ దగ్గరున్నది నాకు కావాలి, రెండూ ఒకేసారి కుదరాలి. అది లోపమే కావచ్చు. కానీ దానివల్లే ఇద్దరూ ఎదురుబొదురు కూర్చుని, ఏమిస్తున్నామో ఏం తీసుకుంటున్నామో చూసుకుంటారు.

మరి యాప్ సంగతి? టార్చ్‌లైట్ యాప్‌కి నా కాంటాక్ట్స్ ఎందుకు? అందులో అమ్మమ్మ నంబర్ కూడా ఉంది, ఆవిడ ఏ బేరానికీ ఒప్పుకోలేదే! చీర ఇచ్చేస్తే లెక్క తీరిపోతుంది. డేటా అలా కాదు, నా దగ్గరా ఉంటుంది, వాళ్ల దగ్గరా ఉంటుంది, ఆ తర్వాత ఎన్ని చేతులు మారుతుందో తెలీదు. "కాంటాక్ట్స్ ఇవ్వను, లొకేషన్ ఇస్తా, ఇంకో ఫీచర్ కలుపు" అని కొసరడానికి ఎదురుగా మనిషే లేడు.

"వద్దనుకుంటే వాడకు, బలవంతం ఏముంది?" అంటారు. క్లాస్ నోట్సంతా ఒకే యాప్‌లో వస్తుంటే వద్దనడం ఎలా బాబూ? 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలనే అంటోంది. మనలో 'ఐ అగ్రీ' పైనున్న పేజీ చదివేదెవరు?

తమాషా ఏంటంటే, బార్టర్ అనే మాట పాత ఫ్రెంచ్ నుంచి వచ్చింది. అక్కడ దానికి మోసగించడం అనే అర్థం కూడా ఉండేది. యాప్‌లకి ఆ అర్థంలో వాడతామంటే నాకు అభ్యంతరం లేదు.

ఎందుకింత గొడవంటే, రేపు ఆ బటన్ కోడ్ చేసేది మనమే. ఈ సెమ్ మా టీమ్ మినీ ప్రాజెక్ట్ బస్ టైమింగ్స్ యాప్. దానికి లొకేషన్ ఒక్కటి చాలు. "కాంటాక్ట్స్ కూడా అడుగుదాం, తర్వాత పనికొస్తాయి" అంటాడు ఒకడు. దేనికి పనికొస్తాయిరా అంటే జవాబు లేదు. ఆ పర్మిషన్ లైను నేనైతే రాయనన్నాను. రివ్యూ లోపు తేలాలి.