ఎర్ర నూనె నల్లబడితే

తిల్దా బియ్యపు మిల్లుల ఊరు. హౌరా నుండి నాగపూర్ మీదుగా ముంబయి పోయే రైలు మార్గం మీద, రాయ్‌పూర్‌కూ బిలాస్‌పూర్‌కూ నడుమ ఉన్నది. కోతల కాలం వచ్చిందంటే ధాన్యం ట్రాక్టర్లు, పొరుగున ఉన్న బైకుంఠ్ సిమెంటు కర్మాగారానికి వచ్చిపోయే లారీలు, సైకిళ్లు, పశువులు అన్నీ ఒకే దారిలో కలుస్తాయి. ఆ సందడిలో కారు నడిపేవాని వేగం నడిచే మనిషి వేగాన్ని అట్టే మించదు. కాని అతని చేతులకు మాత్రం విరామం ఉండదు. క్షణక్షణం చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి.

పవర్ స్టీరింగుకు గడ్డుకాలం ఇదే. తిన్నని రహదారిపై ఎనభై కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు ఆ యంత్రానికి పెద్ద పని ఉండదు. దాదాపు నిలిచిన బండిలో ముందు చక్రాలను మళ్లించేటప్పుడే దానిపై అధిక భారం పడుతుంది. దీనికి తోడు ఛత్తీస్‌గఢ్ వేసవి. మే మాసంలో బయట నలభై నాలుగు, నలభై ఐదు డిగ్రీలుంటే ఇంజను మూత కింద ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చును. ఆ వేడిలో ఏళ్ల తరబడి తిరిగిన నూనె తన ఎర్రదనాన్ని కోల్పోయి, మొదట ఇటుక రంగుకు, తరువాత కాఫీ రంగుకు, చివరకు నలుపుకు దిగుతుంది. బండి మళ్లించినప్పుడల్లా మూలుగు వంటి శబ్దం వినిపిస్తుంది. ఉదయం పూట చక్రం బరువుగా కదులుతుంది.

ఈ నూనెను ఇంటి ముంగిట మార్చుకోవడం కష్టమా? కాదు. చేతిపని వరకు చూస్తే, కుళాయి వాషరు మార్చగలిగినవాడు ఇదీ చేయగలడు. ప్రమాదం చేతిపనిలో లేదు, ఒక మాటలో ఉన్నది. ఆ మాట ‘ఆయిల్’.

మన దేశంలో స్పేరు పార్టుల దుకాణాలలో ఏ భాషలో అడిగినా ‘ఇంజన్ ఆయిల్’, ‘స్టీరింగ్ ఆయిల్’, ‘బ్రేక్ ఆయిల్’ అనే అడుగుతారు. మూడూ అన్నదమ్ముల పేర్లవలె వినిపిస్తాయి. కాని బ్రేకు ఆయిలు నిజానికి నూనె కాదు. సాధారణ కార్లలో వాడే డాట్-3, డాట్-4 రకాలు గ్లైకాల్ జాతికి చెందిన ద్రవాలు. అవి నీటిని పీల్చుకుంటాయి, నూనెతో కలవవు. స్టీరింగులో పోసేది మాత్రం అసలైన నూనె. ఈ రెండు ద్రవాలకు పొత్తు కుదరదు. బ్రేకు వ్యవస్థలోని రబ్బరు వాషర్లు గ్లైకాలును తట్టుకొనేందుకు చేసినవి. వాటికి కొద్దిపాటి నూనె తగిలినా ఉబ్బి, మెత్తబడి, పనికిరాకుండా పోతాయి. అటువంటి బండిలో బ్రేకులు పట్టుకుపోవచ్చును, లేదా అసలు పట్టకపోవచ్చును. అట్లే స్టీరింగులోని రబ్బరు నూనెకు అలవాటు పడినది. దానిలో బ్రేకు ద్రవం పోస్తే సీళ్లు చెడి కారడం మొదలవుతుంది. కొన్ని బండ్లలో ఇంజను మూత ఎత్తగానే ఈ రెండింటి డబ్బాలూ జానెడు, మూరెడు దూరంలోనే కనిపిస్తాయి. రెండూ చిన్న ప్లాస్టిక్ డబ్బాలే, రెంటికీ నల్లని మూతలే. నూనె నూనే కదా అనుకున్న చేతికి తేడా ఎలా తెలుస్తుంది?

కనుక మూత విప్పే ముందు దానిపై అక్షరాలు చదవాలి. ఏ రకం నూనె వాడవలెనో చాలా బండ్లలో ఆ మూతపైననే అచ్చయి ఉంటుంది. లేనిచో బండితో వచ్చిన చిన్న పుస్తకంలో తప్పక ఉంటుంది. పొరపాటున బ్రేకు ద్రవం స్టీరింగు డబ్బాలో పడితే ఇంజను స్టార్టు చేయరాదు. పంపు తిరగకముందే తోడివేస్తే నష్టం ఆ డబ్బాతో ఆగే అవకాశముంది. స్టీరింగు నూనె బ్రేకు డబ్బాలో పడితే మాత్రం ఆ బండిని అంగుళం కూడా కదపక మెకానిక్కును ఇంటికే పిలిపించుకోవాలి. ఇందులో పొదుపు పనికిరాదు.

రంగును నమ్ముకోవచ్చునా అంటే, కొంత వరకే. ఎరుపు రంగు ఆటోమేటిక్ గేరుబాక్సుల నూనె నుండి వచ్చినది. ఆ నూనెనే అనేక కంపెనీలు స్టీరింగుకూ వాడుతున్నవి. కొన్ని ఐరోపా కార్లలో ఆకుపచ్చ నూనె ఉంటుంది. కొన్ని జపాను కంపెనీలు తమ సొంత నూనె తప్ప మరొకటి పోయవద్దంటాయి. ఎరుపు, ఆకుపచ్చ కలిపి చూడడం వంటి ప్రయోగాలు పంపుకే చేటు. ఈ ఎర్ర నూనెకు ఒక విచిత్రమైన పూర్వకథ ఉన్నది. అమెరికాలో జనరల్ మోటార్స్ నిర్ణయించిన తొలి ప్రమాణాలలో ఘర్షణను అదుపులో ఉంచడానికి స్పెర్మ్ తిమింగలం నూనెను కలిపేవారు. 1970 ప్రాంతంలో ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చి, దాని నూనెను ఆ దేశం నిషేధించిన తరువాత రసాయన శాస్త్రజ్ఞులు వేరే మందు వెతుక్కోవలసి వచ్చింది.

నూనె ఒత్తిడితో చక్రం తిప్పాలన్న ఆలోచనను ఆచరణలోకి తెచ్చినవాడు ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికను ఇంజనీరు. పియర్స్-యారో కంపెనీ లారీల విభాగంలో పనిచేసిన ఆయనకు బరువైన బండ్లను మళ్లించేవారి భుజాల బాధ తెలుసు. 1926లో ఒక పియర్స్-యారో కారుకు తన యంత్రాన్ని బిగించి నడిపి చూపాడు. ఆయన ఉపాయంలోని కీలకం ఇది: నూనె నిరంతరం తేలికగా ప్రవహిస్తూనే ఉంటుంది, చక్రం తిప్పినప్పుడు మాత్రమే దానికి అడ్డు ఏర్పడి ఒత్తిడి పెరుగుతుంది. కార్ల కంపెనీలు ఖర్చుకు వెనుకాడాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో సైనిక వాహనాలకు అది ఉపయోగపడింది. అమ్మకానికి పెట్టిన కారులో అది కనిపించడానికి 1951 దాకా, క్రైస్లర్ ఇంపీరియల్ వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. మన అంబాసిడర్ నడిపినవారు దశాబ్దాల పాటు సొంత భుజబలాన్నే నమ్ముకున్నారు. వారి ముంజేతులను చూచి వృత్తి చెప్పవచ్చునని అప్పట్లో ఒక ఛలోక్తి.

ఇప్పుడు తీరు మళ్లీ మారింది. 1988లో సుజుకి కంపెనీ జపానులో తన సెర్వో కారుకు విద్యుత్ మోటారుతో పనిచేసే స్టీరింగు పెట్టింది. నేడు మన రోడ్ల మీది చిన్న కార్లలో అధిక భాగం ఆ కోవకు చెందినవే. వాటిలో నూనె లేదు, మార్చవలసిన పనీ లేదు. ఇంజను మూత కింద ఎంత వెతికినా డబ్బా కనిపించకపోతే బాధపడనక్కరలేదు. కాని తిల్దా వంటి ఊళ్లలో చేతులు మారి తిరిగే పాత ఇన్నోవాలు, స్కార్పియోలు, పవర్ స్టీరింగు ఉన్న సుమోలు, బొలేరోలు నూనె బండ్లే.

1931లో విజయనగరం మార్గం పూర్తయి రాయ్‌పూర్‌ను ఆంధ్ర తీరంతో కలిపినది. రైల్వేలతోను, తరువాత భిలాయి ఉక్కుతోను వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతమంతటా ఉన్నవి. అటువంటి ఇంట ఒక ఆదివారం ఉదయం తండ్రీ కొడుకులు ఈ పనికి పూనుకున్నారని అనుకోవచ్చును. ఇది ఒంటరిగా చేసే పని కాదు. ఒకరు సీటులో, ఒకరు ఇంజను వద్ద ఉండాలి.

ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి, నేల సమతలంగా ఉండాలి. వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డు చెక్కలు పెట్టి, హ్యాండు బ్రేకు వేసి, ముందు భాగాన్ని జాకీతో ఎత్తి గట్టి స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. ఇటుకల మీద నిలిపిన బండి కింద తల పెట్టరాదు. భుజం మీద తుండుగుడ్డ ఉంటే తీసి పక్కన పెట్టాలి. తిరిగే బెల్టు దానిని పట్టుకుంటే మనిషిని కూడా లాగుతుంది.

మందుల దుకాణంలో దొరికే పెద్ద సిరంజికి సన్నని గొట్టం తగిలిస్తే డబ్బాలోని నూనె సులువుగా తోడవచ్చును. ఆ తరువాత డబ్బాకు వచ్చే రెండు గొట్టాలలో తిరుగు నూనెను తెచ్చే గొట్టాన్ని గుర్తించి, క్లిప్పు వదులు చేసి ఊడదీసి, దాని కొనను ఒక ఖాళీ సీసాలోనికి మళ్లించాలి. డబ్బాకు ఉన్న ఆ రంధ్రాన్ని బిరడాతో మూయాలి. ఏది తిరుగు గొట్టమో తెలియకపోతే అక్కడే ఆగడం మేలు. పంపు నుండి స్టీరింగుకు పోయే అధిక పీడన గొట్టంలో, చక్రం చివరికంటా తిప్పినప్పుడు, చదరపు అంగుళానికి వెయ్యి పౌన్ల పైబడి ఒత్తిడి ఉంటుంది. దాని జోలికి పోరాదు.

ఇక డబ్బాలో కొత్త నూనె పోసి, ఇంజను స్టార్టు చేయకుండా, తాళం తిప్పి స్టీరింగు లాకు మాత్రం విడిపించి, చక్రాన్ని నెమ్మదిగా ఈ కొస నుండి ఆ కొసకు తిప్పాలి.

“ఎడమకు తిప్పు బాబూ. మెల్లగా. ఆగు, నూనె పోయనీ.”

“నాన్నా, ఇంకా నల్లగానే వస్తున్నాదా?”

“నల్లగానే ఉంది. ఇప్పుడు కుడికి.”

డబ్బా ఎన్నడూ అడుగంటరాదు. అడుగంటితే గాలి లోపలికి పోతుంది. సీసాలో పడే ధార ఎర్రగా మారేదాకా ఇదే వరుస. ఒకటి రెండు లీటర్ల నూనె చాలును. తరువాత గొట్టం బిగించి, గుర్తు వరకు నూనె పోసి, ఇంజను ఆపి ఉంచే మరొక పదిహేను ఇరవై సార్లు ఆ కొసకూ ఈ కొసకూ తిప్పితే చిక్కిన గాలి బుడగలుగా పైకి వస్తుంది. అప్పుడు గాని ఇంజను స్టార్టు చేయరాదు. చక్రాన్ని చివరికంటా తిప్పి అయిదు సెకండ్లకు మించి పట్టి ఉంచరాదు. నూనె పాలవలె తెల్లగా నురగ కడితే గాలి ఇంకా ఉన్నదని అర్థం. ఇంజను ఆపి, కొంతసేపు వదిలి, మళ్లీ మొదలుపెట్టాలి.

జాకీ ఎత్తే ధైర్యం లేనివారికి మరొక మార్గం ఉన్నది. డబ్బాలోని నూనె మాత్రమే తోడి, కొత్తది పోసి, వారం రోజులు బండి నడిపి, మళ్లీ అదే పని చేయడం. డబ్బాలో మొత్తం నూనెలో మూడవ వంతు పడుతుందనుకుంటే, మొదటి సారికి పాత నూనె నూటికి అరవై ఏడు పాళ్లు మిగులుతుంది, రెండవ సారికి నలభై నాలుగు, మూడవ సారికి ముప్పై, అయిదవ సారికి పదమూడు. నెల పైబడి పట్టినా చక్రం విప్పకుండా, గొట్టం ఊడదీయకుండా పని జరుగుతుంది. కొత్తవారికి నిజానికి ఇదే తగినది.

మిగిలినది ఆ నల్లని సీసా. దానిని మురుగు కాలువలో పోయడం, దుమ్ము అణగడానికి వాకిట్లో చల్లడం, పెరట్లో గుంట తీసి పారబోయడం చాలాచోట్ల చూస్తూనే ఉంటాము. ఛత్తీస్‌గఢ్‌ను ధాన్యపు గిన్నె అంటారు. తిల్దా చుట్టూ వరి పొలాలే, ఇళ్లలో బోరు నీరే. ఒక గాలను వాడిన మోటారు నూనె పది లక్షల గాలన్ల మంచినీటిని చెరచగలదని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ హెచ్చరిస్తున్నది. మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమావళి వాడిన నూనెకూ వర్తిస్తుంది. 2023లో చేసిన సవరణ ప్రకారం, 2024 ఏప్రిల్ 1 నుండి, వాడిన నూనెను సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను నూనె తయారీదారుల మీదనే మోపినారు. ఇంటివాడు చేయవలసినది ఒక్కటే: సీసాకు గట్టిగా మూత పెట్టి, ‘వాడిన స్టీరింగు నూనె’ అని చీటీ అంటించి, పిల్లలకు అందని చోట ఉంచి, గ్యారేజీకి పోయినప్పుడు అక్కడి పాత నూనె డ్రమ్ములో వేయించడం. చల్లని పానీయాల సీసా వాడితే ఆ చీటీ మరీ అవసరం. ఎర్రని నూనె పసివాని కంటికి షరబతువలె కనిపిస్తుంది.

ఆ రాత్రి బండి ముందు భాగం కింద ఒక అట్టముక్క పరచి ఉంచాలి. తెల్లవారిన తరువాత దాని మీద ఎర్రని మరక కనిపిస్తే క్లిప్పు సరిగా బిగియలేదన్నమాట. మరల బిగించి, నూనె మట్టం చూచుకొని, మరొక రాత్రి పరీక్షించాలి. అట్ట పొడిగా ఉంటే బండిని బజారులోకి తీయవచ్చును.