జనం మాటే ఆయన జిగురు!

రాజస్థాన్ ఎడారిలో ఓ గతుకుల రోడ్డు. ఊగుకుంటూ వస్తోందో బస్సు. లోపల జనం, టాపు మీద జనం, చుట్టూ వేలాడుతూ జనం. బండి ఎంత కుదిపినా ఒక్కరూ కింద పడరు. బస్సు దాటిపోయాక వెనకవైపు కనిపిస్తుంది... ఫెవికాల్ ప్రకటన! ఒక్క మాట లేదు, వివరణ అంతకన్నా లేదు. 2002 నాటి ఆ యాడ్‌ని ఏ భాషలోకీ అనువదించాల్సిన పనే రాలేదు. దాని వెనక ఉన్నది గుబురు మీసాల పీయూష్ పాండే. తెర మీదకి తెచ్చింది ఆయన తమ్ముడు ప్రసూన్.

పీయూష్ 1955లో జైపూర్‌లో పుట్టారు. ఏడుగురు అక్కచెల్లెళ్లు, ఇద్దరు అన్నదమ్ములు. గాయని ఇలా అరుణ్ ఆ ఇంటి ఆడపడుచే. అంతమంది పిల్లలున్న ఇంట్లో పాటలకీ కబుర్లకీ కొదవేముంటుంది! ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో చరిత్ర చదివారు. రాజస్థాన్ తరఫున రంజీ ట్రోఫీ ఆడారు. ఆపైన కోల్‌కతాలో టీ రుచి చూసే ఉద్యోగం. 1982లో ముంబయి చేరి ఓగిల్వీ సంస్థలో అడుగుపెట్టారు. అదీ ప్రకటనలు రాయడానికి కాదు, ఖాతాదారుల వ్యవహారాలు చూడటానికి!

అప్పట్లో ప్రకటనలు ఎక్కువగా ఇంగ్లిషులో పుట్టేవి. తర్వాత హిందీ, తెలుగు, తమిళాల్లోకి తర్జుమా అయ్యేవి. మాట మారేది కానీ అందులో మనింటి వాసన ఉండేది కాదు. పీయూష్ ఆలోచనే ఇంటి భాషలో మొదలయ్యేది. 'చల్ మేరీ లూనా' అలా వచ్చిందే. చిన్న ఉద్యోగి తన బండిని గుర్రాన్ని అదిలించినట్టు ముద్దుగా అదిలించడమే అందులోని కిటుకు. ఆ తర్వాత ఆయన్ని రాసే విభాగంలోకి పంపక తప్పలేదు సంస్థకి.

పద్దెనిమిదోసారి...
1988 స్వాతంత్య్ర దినోత్సవం నాడు దూరదర్శన్‌లో వచ్చిన 'మిలే సుర్ మేరా తుమ్హారా' గుర్తుందా? తెలుగుతో సహా ఎన్నో భాషలు కలిసిన ఆ గీతానికి హిందీ మాటలు రాసింది ఆయనే. ఒక్కసారిగా కుదరలేదది. పదిహేడుసార్లు రాసినవి పక్కకి పోయాక పద్దెనిమిదోది ఖరారైంది.

క్రియేటివ్ డైరెక్టర్ పని కూడా అలాంటిదే. కంపెనీ వచ్చి 'మా సరుకు గురించి ఇది చెప్పాలి' అంటుంది. రాసేవాళ్లూ బొమ్మలు గీసేవాళ్లూ రకరకాల ఆలోచనలు పట్టుకొస్తారు. వాటిలో ఏది బతకాలో తేల్చేది క్రియేటివ్ డైరెక్టరే. ఆపైన 'ఇది నడుస్తుందా?' అని సందేహించే కంపెనీ పెద్దల్ని ఒప్పించాలి. ముప్ఫై సెకన్ల యాడ్ వెనక ఇంత తతంగం ఉంటుంది.

ఒకప్పుడు చాక్లెట్ అంటే చిన్నపిల్లల తిండి. పెద్దవాళ్లు తినాలంటే సిగ్గు. ఆ సిగ్గు పోగొట్టాలి. 1990ల మొదట్లో వచ్చిన క్యాడ్‌బరీ యాడ్‌లో ప్రియుడు సిక్స్ కొట్టగానే ఓ అమ్మాయి గట్టు దాటుకుని మైదానంలోకి పరిగెత్తుకొస్తుంది, ఒళ్లు మరిచి గంతులేస్తుంది. చాక్లెట్ రుచి గురించి ఉపన్యాసమే లేదు! 2021లో అదే యాడ్‌ని తిరగేశారు. ఈసారి ఆడింది అమ్మాయి, గంతులేసింది అబ్బాయి.

అమితాబ్‌కి కోపం వచ్చింది!
అన్నీ అమ్మకాల కోసమే కాదు. పోలియో చుక్కల ప్రచారంలో అమితాబ్ బచ్చన్ ఎంత వినయంగా చెప్పినా కొందరు తల్లిదండ్రులు కదల్లేదు. అయితే కోప్పడండి అన్నారు పీయూష్. ఇంటి పెద్ద గదమాయిస్తే వినేవాళ్లు మనలో ఎక్కువని ఆయనకి తెలుసు. ఆ గదమాయింపు పనిచేసింది. ఇంటింటికీ తిరిగిన కార్యకర్తల శ్రమకి అదీ తోడైంది. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు నమోదు కాలేదు. 2014 మార్చిలో పోలియో రహిత దేశంగా గుర్తింపు దక్కింది.

విజయాన్ని ఒంటరిగా మోసుకుపోవడం క్రికెటర్ పీయూష్‌కి అలవాటు లేదు. హచ్ కుక్కపిల్ల, వొడాఫోన్ జూజూలు ఆయన సారథ్యంలోని సంస్థలో కుర్రాళ్ల బుర్రల్లోంచి వచ్చినవే. 2004లో కేన్స్ ప్రకటనల పండగలో న్యాయనిర్ణేతల బృందానికి అధ్యక్షుడయ్యారు. ఆ గౌరవం దక్కిన తొలి ఆసియావాసి ఆయనే. 2016లో పద్మశ్రీ వచ్చింది. 2018లో కేన్స్ జీవిత సాఫల్య పురస్కారాన్ని అన్నదమ్ములిద్దరూ కలిసి అందుకున్నారు.

2025 అక్టోబరు 24న, 70 ఏళ్ల వయసులో, పీయూష్ ముంబయిలో కన్నుమూశారు. కథకి రచయిత పేరుంటుంది, సినిమాకి దర్శకుడి పేరుంటుంది. యాడ్‌కి ఏ పేరూ ఉండదు. అయినా ఇంట్లో కుర్చీ కోడు ఊడితే చాలు, 'ఫెవికాల్ తీసుకురారా' అంటూ నవ్వేసే నాన్నలు ఇప్పటికీ ఉన్నారు. ఆ నవ్వులో ఉంది పీయూష్ సంతకం.