లెక్కలో లేని చేతులు

కార్గిల్ యుద్ధం లెక్కల్లో రెండు అంకెలున్నాయి. మొదటిది 527. ఏటా జులై 26న ద్రాస్‌లో పుష్పగుచ్ఛాలు ఉంచేటప్పుడు, టీవీ స్టూడియోల్లో గొంతులు పెరిగేటప్పుడు వినిపించేది అదే. రెండోది 1,363. 1999లో అవే కొండల మీద గాయపడినవారి సంఖ్య. దీన్ని గుర్తుంచుకున్నవారు తక్కువ. ఆ రెండో అంకెలో ఉన్నవారిలో చాలామంది మళ్లీ విధుల్లో చేరారు. కొందరు మాత్రం పాతికేళ్లు దాటినా మంచానికో, చక్రాల కుర్చీకో అంటిపెట్టుకుని ఉన్నారు. ఆ కుర్చీని నెడుతున్న చేతులు మాత్రం ఏ లెక్కకూ ఎక్కలేదు.

మరణించిన సైనికుణ్ణి గౌరవించడం మనకు బాగానే వచ్చు. 2020లో గల్వాన్ లోయలో కల్నల్ సంతోష్‌బాబు నేలకొరిగినప్పుడు తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. మరుసటి ఏడాదికల్లా సూర్యాపేట కూడలిలో విగ్రహం లేచింది. ఆ కుటుంబానికి దక్కినదాంట్లో ఒక్క రూపాయి కూడా ఎక్కువ కాదు. చిక్కల్లా గాయంతో తిరిగొచ్చినవాడి దగ్గరే. అతనికి విగ్రహం కట్టలేం, వర్ధంతి జరపలేం. మొదటి నెలలో కలెక్టరు వస్తాడు, ఎమ్మెల్యే వస్తాడు, పళ్లబుట్టలు వస్తాయి. ఆరో నెలలో ఫిజియోథెరపిస్టు కూడా సరిగా రాడు.

లెఫ్టినెంట్ కల్నల్ కరణ్‌బీర్ సింగ్ నట్ సంగతే చూడండి. టెరిటోరియల్ ఆర్మీ అధికారి. 2015 నవంబరులో కుప్వారా జిల్లాలో ఉగ్రవాదులతో జరిగిన కాల్పుల్లో తూటా తగిలి దవడ ఛిద్రమైంది. ప్రాణం నిలిచింది, స్పృహ తిరిగి రాలేదు. ఎనిమిదేళ్లకు పైగా అదే స్థితిలో ఉండి 2023 డిసెంబరులో జలంధర్ సైనికాసుపత్రిలో కన్నుమూశారు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. పంజాబీ కుటుంబం ఆ ఎనిమిదేళ్లూ దీపావళి, బైశాఖీ ఎలా గడుపుకుని ఉంటుందో ఊహించడం కష్టం. భర్త ఉన్నాడు, మాట్లాడడు. అలాంటి ఇల్లాలిని ఏమని పలకరించాలో బంధువులకే తెలియదు. దుఃఖానికి మన దగ్గర పదో రోజు, పదకొండో రోజు అంటూ లెక్క ఉంది. ఈ రకం నిరీక్షణకు శాస్త్రం ఏ తంతూ రాయలేదు.

కోలుకోవడం అనే మాటే కొంత మోసపూరితమైంది. జ్వరం నుంచి కోలుకుంటాం. వెన్నుపాము తెగినవాడు కోలుకోడు, కొత్తగా బతకడం నేర్చుకుంటాడు. అతనితోపాటు ఇల్లంతా నేర్చుకోవాలి. మంచం మీదున్న మనిషిని రాత్రీపగలూ రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే నడుము దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. స్పర్శ ఉండదు కాబట్టి అతనికి నొప్పి తెలియదు. ఎవరో ఒకరు చూస్తేనే తెలుస్తుంది. మూత్రానికి గొట్టం. అది శుభ్రంగా లేకపోతే ఇన్‌ఫెక్షన్, అది కిడ్నీలకు పాకితే ప్రాణాంతకం. రెండు గంటలకోసారి అనడం తేలికే. అంటే రాత్రి పదికి, పన్నెండుకు, రెండింటికి, నాలుగింటికి అలారం. పొద్దున్నే పిల్లలకు క్యారేజీ. ఏళ్ల తరబడి ఇదే. సైనికుడికి ఏడాదికి ఇన్ని రోజులని సెలవుండేది. ఇప్పుడు డ్యూటీ చేస్తున్న మనిషికి అదీ లేదు.

కాలు పోయినవారి కథ కాస్త నయమనుకుంటాం. కృత్రిమ కాలు ఒకసారి తొడిగితే అయిపోయే పని కాదు. మిగిలిన కాలు మొదటి నెలల్లో సన్నబడుతూ పోతుంది, తొడుగు వదులవుతుంది, మళ్లీ కొలతలు, మళ్లీ పుణె ప్రయాణం. అక్కడి ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ 1944 నుంచి ఈ పనిలోనే ఉంది. ఇక తలకు దెబ్బ తగిలినవారి ఇళ్లలో బాధ మరో రకం. ఒంటి మీద మచ్చ కూడా కనిపించకపోవచ్చు. అయినదానికీ కానిదానికీ కోపం, మతిమరుపు, నిద్రలేమి. వచ్చింది మా ఆయనేనా అని భార్యకు అనుమానం. ఊరివాళ్లు మాత్రం మిలటరీలో తాగుడు మరిగాడని తేల్చేస్తారు.

పదకాల వార్తలు మనకిష్టం. నాగాలాండ్‌కు చెందిన హొకాటో హొటొఝె సెమా 2024 పారిస్ పారాలింపిక్స్ షాట్‌పుట్‌లో కాంస్యం తెచ్చినప్పుడు పత్రికలన్నీ ఫొటో వేశాయి. మందుపాతర పేలి ఆయన ఎడమకాలు పోయింది 2002లో. షాట్‌పుట్ పట్టింది 2016లో. మధ్యలోని 14 ఏళ్లు ఎవరికీ వార్త కాదు. మురళీకాంత్ పేట్కర్‌ది ఇంకా పాత కథ. 1965 యుద్ధంలో తూటాలు తిని నడక కోల్పోయారు. చికిత్సలో భాగంగా ఈత పట్టి 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో దేశానికి తొలి స్వర్ణం తెచ్చారు. పద్మశ్రీ అందింది 2018లో. ఆయన పేరు మనవాళ్ల చెవిన పడడానికి 2024లో హిందీ సినిమా రావాల్సి వచ్చింది. పతకాలు గెలిచినవారి గతే ఇదైతే, గెలవనివారి సంగతి చెప్పాలా?

వ్యవస్థ ఏమీ చేయలేదనడం అన్యాయమే. పుణె పక్కన కిర్కీలోని పారాప్లీజిక్ రిహాబిలిటేషన్ సెంటర్ 1974లో మొదలైంది. 1971 యుద్ధం మిగిల్చిన క్షతగాత్రుల అవసరమే దాన్ని పుట్టించింది. 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ మాజీ సైనికుల వైద్యానికి పెద్ద ఆసరా. పింఛనూ ఉంది. పోరులో గాయపడి వంద శాతం వైకల్యంతో ఇంటికొస్తే, సర్వీసు భాగానికి అదనంగా చివరి జీతమంత మొత్తం వస్తుంది. అదే శాంతి ప్రాంతంలో డ్యూటీ మీద వెళుతుండగా జీపు బోల్తా పడితే ఆ అదనం 30 శాతమే. విరిగిన వెన్నుకు ఈ తేడా తెలియదు. ఇంట్లో మందుల ఖర్చుకూ తెలియదు. వైకల్య పింఛను కేసుల్లో సొంత సైనికుల మీదే అప్పీళ్లకు వెళ్లే అలవాటు తగ్గించుకోమని రక్షణ శాఖ 2015లో నియమించుకున్న నిపుణుల కమిటీయే చెప్పింది. అలవాటు అంత త్వరగా పోతుందా!

మరి సేవ చేసేవారికి? కాన్‌స్టంట్ అటెండెన్స్ అలవెన్స్ అని ఒకటుంది. వంద శాతం వైకల్యం ఉండి, తోడు మనిషి తప్పదని మెడికల్ బోర్డు రాస్తే ఇస్తారు. 2017లో దాన్ని నెలకు 6,750 రూపాయలుగా నిర్ణయించారు, కరవు భత్యాన్ని బట్టి పెరిగేలా ఏర్పాటు చేశారు. 24 గంటలకూ ఒక మనిషిని పెట్టుకోవడానికి ఆ డబ్బు ఏ ఊళ్లో సరిపోతుందో లెక్కేసినవారు చెప్పాలి. సరిపోదు కాబట్టే భార్య ఉద్యోగం మానేస్తుంది, తమ్ముడు గల్ఫ్ ప్రయాణం వాయిదా వేసుకుంటాడు. సైనికుడు ఆసుపత్రిలో ఉన్న రోజులకు ఈ భత్యం రాదు. ఆ రోజుల్లోనే కదా భార్య సికిందరాబాద్‌లో గది అద్దెకు తీసుకుని, పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి, రెండు చోట్లా పొయ్యి వెలిగించేది.

ప్రతిదానికీ అమెరికాను చూపించడం ఈ కాలమ్‌కు అలవాటు లేదు. అయితే 2010లో వాళ్లు చేసిన చట్టం ఒకటి చూడదగ్గది. తీవ్రంగా గాయపడిన సైనికుణ్ణి ఇంట్లో చూసుకునే కుటుంబసభ్యుణ్ణి అది సంరక్షకుడిగా గుర్తించింది. శిక్షణ, నెలనెలా భృతి, ఏడాదికి కనీసం 30 రోజుల విరామం. ఆ రోజుల్లో సేవ చేయడానికి వేరే మనిషిని ప్రభుత్వమే చూస్తుంది. మన దగ్గర భార్యకు కాదు కదా, కలెక్టరాఫీసు గుమాస్తాకైనా ఇలాంటి ఆలోచన ఉందని తెలియదు. పుండు పడకుండా ఎలా తిప్పాలో నేర్పడానికి వారం చాలు. తాడేపల్లిగూడెం దగ్గరి మిలటరీ మాధవరంలా ఇంటింటా సైనికులున్న ఊళ్లకు ఒక్క శిక్షణ పొందిన నర్సు నెలకు రెండుసార్లు వెళ్లినా చాలు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో ఇప్పుడు జరిగేది ప్రధానంగా దరఖాస్తుల పని.

అన్నిటికంటే అధ్వాన్నమైన స్థితి సైనికుడు కాకముందే గాయపడినవారిది. ఎన్‌డీఏ, ఐఎంఏ లాంటి అకాడమీల్లో శిక్షణ పొందుతూ వైకల్యం పాలై 1985 నుంచి ఇంటికొచ్చిన ఆఫీసర్ క్యాడెట్లు 500 మంది దాకా ఉన్నారు. కమిషన్ అందలేదు కాబట్టి మాజీ సైనికులు కారు, ఆ హోదాతో వచ్చే పింఛనూ లేదు. ఇచ్చేది ఎక్స్‌గ్రేషియా మాత్రమే. 2025 ఆగస్టులో ఒక పత్రికా కథనం చూసి సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయం చేపట్టింది. ఆ నెలాఖరుకే ప్రభుత్వం వారికి ఈసీహెచ్ఎస్ వర్తింపజేసింది. నలభై ఏళ్లుగా కాని పని రెండు వారాల్లో అయింది! ఆ తొలి బ్యాచ్‌ల కుర్రాళ్లకు ఇప్పుడు అరవయ్యేళ్లు దగ్గరపడ్డాయి. అందులో మంచానికే పరిమితమైనవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతూ వచ్చింది ఎక్కువగా తల్లులే. బతికుంటే వాళ్లిప్పుడు ఎనభై దాటినవాళ్లు. ఈసీహెచ్ఎస్ కార్డుతో ఆసుపత్రికి వెళ్లొచ్చు. రాత్రి రెండింటికి లేచే మనిషి కోసం మాత్రం ఇంకా ఏ ఫైలూ తెరవలేదు.