పెత్తనం వారిది, కాటు మనది

నాట్లు వేసే కూలీని పాము కరిచి చంపితే ఆ వార్త జిల్లా పేజీ దాటదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏటా 81 వేల నుంచి 1.38 లక్షల మంది పాముకాటుతో ప్రాణాలు విడుస్తున్నారు. మన దేశంలో 2000-2019 మధ్య పాముకాటుకు సుమారు 12 లక్షల మంది బలయ్యారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల వరసలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నూ చేర్చింది. ఇన్ని ప్రాణాలు పోతున్నా, నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల పట్టికలో పాముకాటుకు స్థిరమైన చోటు దక్కింది 2017లోనే. నిర్లక్షితుల వరసలోనూ ఇది కడపంక్తే! ఆఫ్రికా పాముల విషానికి విరుగుడైన ఫావ్‌-ఆఫ్రిక్‌ తయారీని సనోఫీ సంస్థ 2014లో ఆపేసింది. గిట్టుబాటు కాకపోవడమే కారణం. కాటు తినేవాడికి కొనే స్తోమత లేదు. కొనగలవాడు పాము తిరిగే చేలోకి దిగడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలువైన జెనీవాలోనూ జబ్బు బరువును తూచేది డబ్బే. ఆ సంస్థ బడ్జెట్‌లో సభ్యదేశాల చందా 2020-21 నాటికి అయిదో వంతు కన్నా తక్కువకు పడిపోయింది. మిగతాదంతా విరాళాలే. వాటిలో చాలాభాగం దాత చెప్పిన పద్దుకే ఖర్చు చేయాలి. ఆ సొమ్ముతో పోలియో తరిగిన మాట నిజమే, అది చిన్న విజయం కాదు. కానీ ఏ జబ్బు ముందో, ఏది వెనకో దాత అభీష్టం తేల్చడం అన్యాయం. దాత లేచి వెళ్లిపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2025 జనవరిలో అమెరికా వైదొలుగుతున్నట్లు ప్రకటించగానే ఆ సంస్థ ఖర్చులు కోసుకోవాల్సి వచ్చింది.

సభ్యదేశాల చందాను 2030-31 నాటికి మూల బడ్జెట్‌లో సగానికి చేర్చాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సభ నిర్ణయించింది. ఆ మాట తప్పకూడదు. విరాళాలకు తగిలించే షరతులూ సడలాలి. భారత్‌ తన వంతు పెంచి, ఆ హక్కుతో గొంతు విప్పాలి. 2018లో పాముకాటుపై ఆరోగ్య సభ తీర్మానానికి చొరవ చూపింది కోస్టారికా, కొలంబియా. అత్యధిక మరణాలు మూటగట్టుకున్న మనం ముందుండాల్సిన చోటది.

జబ్బును డబ్బుతో కాక ప్రాణాలతో తూచే కొలమానం ఇంట్లోనూ వర్తించాలి. పాముకాటు మరణాలను 2030కల్లా సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విరుగుడు మందు, దాన్ని ఎక్కించడం తెలిసిన వైద్యుడు రాత్రివేళా ఉన్ననాడే ఆ ప్రణాళికకు విలువ. సొంత పల్లెను కడపంక్తిలో కూర్చోబెట్టినవారు జెనీవాలో ముందు వరస అడగలేరు.