దారి మూయుటకు ముందు

రోడ్లును వంతెనలును మరమ్మతు లేక నిలువజాలవు. రాజమహేంద్రవరము, కొవ్వూరుల నడుమ గోదావరిపై 1974లో తెరవబడిన రోడ్డు రైలు వంతెన 2023 సెప్టెంబరులో మరమ్మతులకై మూయబడినది. ఆవలి యొడ్డునకు పోవువారు 2015లో తెరవబడిన గామన్ వంతెన మొదలగు చుట్టుదారులు పట్టవలసివచ్చెను. అట్టి పనిని మేము తప్పుపట్టము. కూలిన వంతెనకంటె మూసిన వంతెన మేలు.

మేము కోరునది వేఱు. మూయు దినము రైతునకు ముందుగా తెలియవలెను. చుట్టుదారి కిరాయిని వర్తకుడు భరింపడు. ధాన్యపు ధరలోనే తగ్గించును. పాలును కూరగాయలును పూట యాలస్యమునకే చెడును. డెల్టాలో సార్వా కోతలు కార్తీక మార్గశిరములందును, దాళ్వా కోతలు చైత్ర వైశాఖములందును సాగును. అత్యవసరము కాని పనులను ఆ దినములు తప్పించి జరుపుట అధికారులకు అసాధ్యము కాదు.

రైతుల వంతు కర్తవ్యమును కలదు. కొందఱు రోడ్డుపై వడ్లు ఆరబోసి చుట్టును రాళ్లు పేర్చుచున్నారు. రాత్రివేళ అవి కానరాక ప్రమాదములు జరిగి దారియే నిలిచిపోవుచున్నది. కావున ప్రతి సంఘమును ఉమ్మడి కళ్లము నేర్పఱచవలెను. దారి మూయు ప్రకటనను కార్యాలయపు గోడకు అంటింపవలెను. చుట్టుదారి తప్పనపుడు నలుగురి సరకును ఒకే లారీకి ఎత్తించి కిరాయిని పంచవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును ఆలోచింతురుగాక.