గాంధారి ఎవరిని అడగాలి?

ఉమ్మడి సంసారంలో పెరుగుకుండ పగిలితే, పగలగొట్టినవాళ్ళంటూ ఎవరూ వుండరు. పెద్దకోడలు చిన్నకోడలి వంక చూస్తుంది, చిన్నకోడలు ఆడబిడ్డ వంక చూస్తుంది, చివరికి నేరం పిల్లి మీదకి పోతుంది. పెరుగు పోతే పోయింది, ఇల్లు నిలబడింది కదా అని పెద్దాయన కండువా దులుపుకుని లేస్తాడు. కుండ విషయంలో ఇది మంచి పద్ధతే. వచ్చిన చిక్కల్లా, దేశాలు కూడా యుద్ధంలో ఈ పద్ధతే పట్టుకోవటం. దానికి సంకీర్ణ సేన అని ఒక పెద్ద పేరు!

2003 మార్చిలో ఇరాక్ మీదకి వెళ్ళినప్పుడు అమెరికా ప్రకటించిన మద్దతుదారుల జాబితాలో నలభైకి పైగా దేశాలున్నాయి. అందులో కోస్టారికా ఒకటి. 1948లోనే సైన్యాన్ని రద్దుచేసుకున్న దేశమది! ఇది మన రాజ్యాంగానికి విరుద్ధమని 2004లో అక్కడి న్యాయస్థానం తీర్పు చెప్పాల్సి వచ్చింది. మనకీ పిలుపు వచ్చింది. ఐక్యరాజ్యసమితి స్పష్టంగా చెబితే తప్ప సైన్యాన్ని పంపమని 2003 జూలైలో ఢిల్లీ చెప్పేసింది. నాకు తెలియక అడుగుతాను, సైన్యమే లేనివాడి పేరు యుద్ధం జాబితాలో ఎందుకు? వాడి బలం కోసమా? కాదు. రేపు నింద వస్తే పంచుకోటానికి ఒక పేరు ఎక్కువ వుంటుందని.

పదిమంది చేతిలో పాము చావదంటారు. పాము మాటేమోగాని, మనుషులు మాత్రం చస్తున్నారు. ఇరాక్‌లో హవీజా అనే ఊరుంది. 2015 జూన్‌లో ఒక రాత్రి, అక్కడ ఐసిస్ ముఠా నడిపే బాంబుల కర్మాగారం మీద కూటమి విమానం బాంబు వేసింది. లోపల దాచిన మందుగుండు అంతా ఒక్కసారి పేలి చుట్టుపక్కల పేట నేలమట్టమైంది. డెబ్బైమంది దాకా మామూలు జనం పోయారు. ఆ విమానం ఎవరిది? కూటమిది. కూటమిలో ఎవరిది? నాలుగేళ్ళపాటు ఆ ప్రశ్నకి జవాబు లేదు. పత్రికలవాళ్ళు కూపీ లాగితే, అది మాదేనని 2019 నవంబరులో నెదర్లాండ్స్ ఒప్పుకుంది. మరుసటి ఏడు ఊరి బాగుకోసం డబ్బు మంజూరు చేసిందిగాని, పోయినవాళ్ళ కుటుంబాలకి విడిగా పరిహారం ఇవ్వలేదు.

ఆఫ్ఘనిస్తాన్‌లోని కుందుజ్ సంగతి ఇంకో వరస. 2009 సెప్టెంబరులో తాలిబాన్లు ఎత్తుకుపోతున్న రెండు ఆయిల్ ట్యాంకర్లు నది ఇసుకలో కూరుకుపోయాయి. ఆయిల్ పట్టుకుందామని పల్లెజనం డబ్బాలతో పోగయ్యారు. ఆజ్ఞ జర్మన్ కర్నలుది. విమానం అమెరికాది. చావు ఆ పల్లెలది. పదుల సంఖ్యలో మామూలు జనం కాలిపోయారు. ఒక జర్మన్ మంత్రి పదవి వదులుకున్నాడు, అదీ సమాచారం దాచారన్న గొడవ మీద. పోయినవాళ్ళ కుటుంబాలకి అయిదేసి వేల డాలర్లు ఇచ్చారు, అదీ దయతోనేగాని బాధ్యతగా కాదట. కర్నలుగారు తర్వాత బ్రిగేడియర్ జనరల్ అయ్యారు.

“ఐసిస్‌వాళ్ళు, తాలిబాన్లు దేవుళ్ళా?” అని మీరు అడగవచ్చు. కానే కారు. హవీజాలో బాంబుల కర్మాగారం వుండటం నిజం. ట్యాంకర్లు ఎత్తుకుపోవటం నిజం. వాళ్ళ చేతుల్లో నలిగినవాళ్ళూ ఆ జనమే. కాని దొంగని పట్టటానికి వచ్చిన పోలీసు ఇంటివాణ్ణి కాల్చేస్తే, దొంగ దుర్మార్గుడు కదా అని ఊరుకుంటామా? ఏ పోలీసు, ఎవరు కాల్చమన్నారు అని అడగమూ? యుద్ధమన్నాక తప్పులు జరుగుతాయంటారు. జరిగితే, చేసినవాడి పేరు చెప్పటానికేం? 

ఇరాక్‌లో బ్రిటన్ 179 మంది సైనికుల్ని పోగొట్టుకుంది. ఆ అంకెలో ఒకటి అటూ ఇటూ కాదు. వాళ్ళ పేర్లు రాతిమీద చెక్కారు. అది న్యాయమే, వాళ్ళూ తల్లుల బిడ్డలే. కాని అదే యుద్ధంలో పోయిన ఇరాక్ జనం ఎంతమంది? లక్ష దాటారన్నది ఖాయం, ఆపైన ఎవరి లెక్క వారిది. ఆ లెక్క తేల్చటానికి ఇంకా గట్టిగా ప్రయత్నించి వుండాల్సిందని బ్రిటన్ వేసుకున్న విచారణ సంఘమే 2016లో రాసింది.

కురుక్షేత్రంలోనూ రెండువైపులా కూటములే. ఒకవైపు ఏడు అక్షౌహిణులు, ఒకవైపు పదకొండు. అయినా అభిమన్యుణ్ణి ఎవరెవరు చుట్టుముట్టారో, దుర్యోధనుడి తొడ ఎవరి గదకి విరిగిందో మన ఇళ్ళల్లో పిల్లలు కూడా చెబుతారు. యుద్ధం ముగిశాక గాంధారి వచ్చి కృష్ణుణ్ణి ఎదురుగా నిలబెట్టి అడిగింది, శపించింది. ఆయన తలవంచి విన్నాడు. హవీజా తల్లికి ఆ మాత్రం భాగ్యం కూడా నాలుగేళ్ళు దక్కలేదు. ఆమె ఎవర్ని నిలబెట్టి అడగాలి? కూటమికి మొహం వుండదు కదా!

కూటములు కట్టొద్దంటే వినేవారెవరు? కట్టుకోండి. కాని బాంబు మీద వేసినవాడి పేరు కూడా వుండాలి. పడిన మర్నాడు ఆ దేశమే బయటికొచ్చి, ఇది మాది, చచ్చినవాళ్ళు వీళ్ళు, వాళ్ళ ఇంటికి జవాబు చెప్పాల్సింది మేము అని చెప్పాలి. అంత ధైర్యం లేనివాడు విమానం ఎక్కకూడదు.